ఏం కొనాలని అడిగావు, ముందు ఏం తీసేయాలో చెప్తాను

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది బల్లార్షా. నాకు 29 ఏళ్లు. వార్ధా వంతెన దాటి రాజురాలో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌గా చేస్తున్నాను. రోజూ స్కూటీ మీదే వెళ్లి వస్తాను. చలికాలమంతా ముఖం పొడిబారి పొట్టు లేచేది. పొద్దున కొబ్బరినూనె, రాత్రి చిక్కటి కోల్డ్ క్రీమ్ రాసుకున్నాను. జనవరిలో పక్కింటి వహిని (మరాఠీలో వదిన) ఒక ట్యూబ్ ఇచ్చింది. రోజూ రాత్రి రాసుకుంటే పది రోజుల్లో ముఖం తేటబడింది, అందరూ అడిగారు కూడా. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. కానీ శివరాత్రి దాటినప్పటి నుంచి అంతా తలకిందులైంది. మధ్యాహ్నానికి ముక్కు, నుదురు జిడ్డు కారుతున్నాయి, బుగ్గలు మాత్రం లాగినట్టు ఉంటున్నాయి. గడ్డం చుట్టూ సన్నటి మొటిమలు. ఎండలోకి వెళ్తే చురచురమంటుంది. చెంపల మీద మంగు లాంటి మచ్చ మొదలైంది. సున్నిపిండిలో నిమ్మరసం కలిపి రుద్దుకోమని మా అత్తమ్మ అంటుంది. స్టాఫ్‌రూమ్‌లో ఒకరు సీరమ్ కొనమంటున్నారు. ఈ వసంతకాలానికి నేను ఏం కొనాలి? హోలీ, ఉగాది కూడా దగ్గరికొచ్చాయి. ఇంకొకటి, మా పాపకు ఐదేళ్లు. బుగ్గల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. బొల్లేమో అని మా ఆయన ఒకటే టెన్షన్ పడుతున్నాడు.

ఒక చెల్లి, బల్లార్షా

సమాధానం:

చెల్లెమ్మా,

నువ్వు అడిగింది ఏం కొనాలని. నేను మాత్రం ముందు నీ అలమరలోంచి కొన్ని తీసేయమనే చెప్తాను. అన్నిటికంటే ముందు వహిని ఇచ్చిన ఆ ట్యూబ్. ఎండ సంగతి, హోలీ సంగతి, పాప సంగతి అన్నీ వరసగా చెప్తాను కానీ, ఈ ట్యూబ్ సంగతి తేలకుండా ఎన్ని చెప్పినా నీ ముఖానికి పనికిరావు.

దాన్ని తెచ్చి వెనక వైపు తిప్పి చూడు. అక్షరాలు సన్నగా ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకో. బెటామెథసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టిరాయిడ్ క్రీమ్. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే మూడు మందులు కలిపినదన్నమాట. మంగు ముదిరినవాళ్లకు డాక్టర్లు కొన్ని వారాలపాటు, మధ్యమధ్యలో పిలిచి చూస్తూ వాడించే మందు అది. ముఖం తెల్లబడటానికని ఇంటి నుంచి ఇంటికి చేతులు మారాల్సింది కాదు.

నీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట 'పది రోజుల్లో తేటబడింది' అన్నది. చర్మం పైపొర మారి కొత్తది రావడానికే ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. మామూలు క్రీమ్ ఏదీ పది రోజుల్లో రంగు మార్చలేదు. స్టిరాయిడ్ అయితే రక్తనాళాలను కుదించి, ఎరుపునీ వాపునీ అణిచేస్తుంది. అందుకే మొదట్లో ముఖం నున్నగా, తేటగా కనిపిస్తుంది. రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నటి నరాలు ఎర్రగా తేలతాయి, ఎండ తగిలితే మండుతుంది, అన్నీ ఒకే సైజులో ఉండే మొటిమలు గుంపుగా లేస్తాయి, కొందరికి బుగ్గల మీద నూగు పెరుగుతుంది. నువ్వు రాసినవాటిలో రెండు మూడు ఇవే. ఇక ఆపితే కొద్ది రోజులకే ముఖం ఎర్రబడి మండుతుంది. 'ఆపితేనే పాడవుతోంది' అనుకుని మళ్లీ రాస్తారు. అలా ఏళ్ల తరబడి దాన్ని వదల్లేకపోయిన ఆడవాళ్లను చంద్రపూర్‌లో, గడ్చిరోలిలో ఎంతమందినో చూశాను. కొందరికి మంగు మొదట ఉన్నదానికంటే రెట్టింపయింది.

ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని మన ప్రభుత్వం 2018లోనే గట్టిగా చెప్పింది. అయినా మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. ట్యూబ్ మీద ఏ పేరూ లేకపోతే, తయారుచేసినవాళ్ల చిరునామా కూడా లేకపోతే ఇంకా అనుమానించాలి. తెల్లబరుస్తామనే అలాంటి డబ్బాల్లో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. అది చర్మంతో ఆగదు, కిడ్నీల దాకా వెళ్తుంది.

కాబట్టి చర్మ డాక్టర్‌కి చూపించాలి. తర్వాత చూద్దామనుకోకు, ఈ వారంలోనే వెళ్లు. జనవరి నుంచి రోజూ రాశావు కాబట్టి ఒక్కసారిగా ఆపాలా, తేలిక మందుకు మార్చి మెల్లగా ఆపాలా అన్నది నీ ముఖం చూసిన డాక్టరే చెప్పగలరు. చంద్రపూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో 'త్వచారోగ విభాగ్' అని అడుగు. ట్యూబ్, దాని అట్టపెట్టె వెంట తీసుకెళ్లు. ఆపాక కొన్నాళ్లు ముఖం ఇప్పటికంటే ఘోరంగా ఉండొచ్చు. ఆ రోజుల్లో బడిలో ఎవరేమన్నా సరే, మళ్లీ ఆ ట్యూబ్ పట్టుకోకు. వహినితో పోట్లాడాల్సిన పని కూడా లేదు. ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది, బహుశా తానూ వాడుతోంది. ఈ మాట ఆమెకూ మెల్లగా చెప్పు.

ఇక కాలం మాటకొద్దాం.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు అంటారు. పంచాంగంలో వసంతమంటే చైత్ర వైశాఖాలు. పత్రికల్లో వసంతం అనగానే చల్లటి గాలి, పూలు, లేత ఎండ. మన వైపు అలా ఉండదని నీకు తెలుసు. ఫాల్గుణంలోనే టేకు ఆకులన్నీ రాలిపోయి అడవి బోసిపోతుంది, మోదుగ చెట్లు మాత్రం ఎర్రగా మండుతుంటాయి. సిరొంచ వైపు ఇప్పపూలు ఏరడానికి జనం తెల్లవారుజామునే అడవికి వెళ్తారు. మార్చి సగానికే మధ్యాహ్నం 36, 37 డిగ్రీలు. తెల్లవారుజామున మాత్రం దుప్పటి కావాలి. గాలి చూస్తే ఎండుగడ్డిలా ఉంటుంది, తేమ ఉండదు.

నీ ముఖం ఒకేసారి జిడ్డుగానూ, లాగినట్టుగానూ ఎందుకుందో ఇందులోనే ఉంది. వేడి పెరిగితే నూనె గ్రంథులు ఎక్కువగా ఊరుతాయి, అందుకని నుదురు మెరుస్తుంది. పొడిగాలి మాత్రం చర్మంలోని నీటిని లాగేస్తూనే ఉంటుంది, అందుకని బుగ్గలు బిగుసుకుంటాయి. నూనె వేరు, నీరు వేరు. జిడ్డు చూసి చాలామంది రెండు తప్పులు చేస్తారు. రోజుకు అయిదారుసార్లు సబ్బుతో కడుగుతారు, మాయిశ్చరైజర్ పూర్తిగా మానేస్తారు. దాంతో ఉన్న కాస్త తేమా పోయి చర్మం చిట్లుతుంది, ఏది రాసినా మండుతుంది. మన ప్రాంతంలో ఈ కాలానికి మాయిశ్చరైజర్ మానకూడదు, దాని బరువు తగ్గించాలి. చలికాలం రగ్గు తీసి పలచటి దుప్పటి కప్పుకుంటాం కదా, అలా.

బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు. అక్కడ సముద్రపు గాలి తేమతో వస్తుంది, చెమట ఆరదు. వాళ్లకు ఇదే కాలంలో ఇంకా పలచటి జెల్ చాలు, కొందరికి బుగ్గలకు తప్ప అదీ అక్కర్లేదు. రాయగడ కొండల మీద పొద్దుటి పూట చలి ఇంకొన్నాళ్లు ఉంటుంది కాబట్టి వాళ్లు తొందరపడి మార్చక్కర్లేదు. అందుకే క్యాలెండర్ చూసి క్రీమ్ మార్చొద్దంటాను. రెండు మూడు రోజులు వరసగా మధ్యాహ్నం నుదురు తుడిస్తే రుమాలుకు జిడ్డు అంటుతోందా, పొద్దున లేచేసరికి పొట్టు లేవడం ఆగిందా, ఇది చూడు. అప్పుడు మార్చు.

రెండోది తీసేయాల్సింది ముఖానికి రాసే కొబ్బరినూనె. మనకు పవిత్రమైనదే, జుట్టుకు మంచిదే, కాళ్ల పగుళ్లకూ మోచేతులకూ భేషుగ్గా పనిచేస్తుంది. మొటిమలు వచ్చే ముఖం మీద మాత్రం రంధ్రాలను మూసేస్తుంది. తలకు రాసినా నుదుటి మీదకు కారకుండా చూసుకో, దిండు గలేబు వారానికి రెండుసార్లు మార్చు. మూడోది ఆ చిక్కటి కోల్డ్ క్రీమ్. పారేయకు, మడమలకు వాడి ఖాళీ చెయ్యి.

మిగిలేవి మూడే మూడు వస్తువులు: ముఖం కడగడానికి ఒకటి, తేమకు ఒకటి, ఎండకు ఒకటి.

కడగడం గురించి. మీ ఇంట్లో బోరు నీళ్లయితే సబ్బు సరిగా నురగ రాదు, కడిగాక ముఖం గరగరలాడుతుంది. గట్టి నీళ్లలో సబ్బు తెట్టుగా మారి చర్మం మీదే కొంత మిగిలిపోతుంది. మామూలు సబ్బు క్షారగుణం కలది. చర్మానిది కాస్త ఆమ్లగుణం. అందుకే సబ్బు లేని, నురగ తక్కువగా ఉండే, వాసన లేని క్లెన్సర్ తీసుకో. పొద్దున ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్లు చాలు. రాజురా రోడ్డు మీద బొగ్గు లారీల దుమ్ము ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇల్లు చేరగానే కడగాలనిపిస్తుంది, కడుగు. కానీ గట్టిగా రుద్దితే దుమ్ము బాగా పోతుందనుకోకు. ముప్పై సెకన్లు వేళ్లతో మెల్లగా తిప్పితే చాలు.

తేమకు లోషన్ లాంటిది చూడు. గ్లిజరిన్, సెరమైడ్స్ ఉన్నవి మంచివి. ముఖం కడిగి అద్దినట్టు తుడిచి, ఇంకా తడిగా ఉండగానే రాయాలి. ఆరిపోయాక రాస్తే సగం ప్రయోజనం పోతుంది. ఖరీదు చూసి మంచిదనుకోవద్దు, నా అనుభవంలో వాసన లేని చవక లోషన్లే ఎక్కువమందికి పడ్డాయి.

ఎండ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ ఋతువులో నిజంగా కొత్తగా చేర్చాల్సింది ఏదైనా ఉందంటే అది సన్‌స్క్రీన్ ఒక్కటే. డిసెంబర్‌లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మార్చి 21 నాటికి భూమధ్యరేఖ మీదకు వస్తాడు, మే మూడో వారానికి సరిగ్గా మన చంద్రపూర్ నడినెత్తిన ఉంటాడు. ఫిబ్రవరి చివర్లో గాలి ఇంకా చల్లగానే ఉంది కదా అనుకుంటాం, కానీ చర్మాన్ని మాడ్చే అతినీలలోహిత కిరణాలకు గాలి చల్లదనంతో పనిలేదు. ఎండ తీవ్రత తెలుసుకోవడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. బడి ఆవరణలో నిలబడి నీ నీడ చూసుకో. నీడ నీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ నీ ముఖానికి హాని చేసే ఎండ. పిల్లలకు కూడా ఇది నేర్పొచ్చు.

డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 15 అని ఉన్న సన్‌స్క్రీన్, ముఖాన్ని కందించే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 93 శాతం ఆపుతుంది. 30 అయితే 97, 50 అయితే 98. 30కీ 50కీ తేడా అంతే. అసలు తేడా ఎంత రాస్తున్నామన్న దాంట్లో ఉంది. చాలామంది బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పూస్తారు. చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి చివరి దాకా రెండు గీతలు గీసినంత కావాలి, ముఖానికీ మెడకూ కలిపి. అంత రాస్తేనే డబ్బా మీద రాసిన అంకెకు అర్థం. యూవీఏ అని ఇంకో రకం కిరణాలున్నాయి, అవి కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి, మంగును పెంచేవాటిలో అవీ ఉన్నాయి. వాటి కోసం డబ్బా మీద పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూడు.

నీకు మచ్చ మొదలైంది కాబట్టి ఇంకో మాట. మనకు కనిపించే మామూలు వెలుతురు కూడా మన లాంటి చామనఛాయ చర్మంలో మంగును పెంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేత గోధుమ రంగు సన్‌స్క్రీన్లు ఆ వెలుతురును కూడా కొంత ఆపుతాయి. చర్మం ఇప్పుడు మండుతోంది కాబట్టి జింక్ ఆక్సైడ్ ఉన్నదైతే ఇంకా మంచిది, అది తక్కువ మండుతుంది. పొద్దున బయల్దేరడానికి పావుగంట ముందు రాసుకో. మధ్యాహ్నం బడి వదిలేముందు, మళ్లీ స్కూటీ ఎక్కేముందు ఇంకోసారి. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి రాయాలన్నది లెక్క, తరగతి గదిలో కూర్చున్నప్పుడు అంత అవసరం లేదు.

మంగుకు ఎండ ఒక్కటే కారణం కాదు. పొయ్యి దగ్గర సెగ, గర్భం, గర్భనిరోధక మాత్రలు కూడా కారణాలే. నువ్వు మాత్రలు వాడుతున్నా, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నా డాక్టర్‌కి తప్పకుండా చెప్పు. మొటిమలకు, మచ్చలకు రాసే కొన్ని మందులు గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు.

స్కార్ఫ్ కట్టుకుంటావని నువ్వు రాయలేదు కానీ, మన దగ్గర స్కూటీ నడిపే ఆడపిల్ల స్కార్ఫ్ కట్టకుండా వెళ్లదు. మంచి అలవాటే. అయితే అదే స్కార్ఫ్‌ను వారమంతా వాడితే నిన్నటి చెమట, దుమ్ము, జిడ్డు అన్నీ ఇవాళ గడ్డం మీద రుద్దుకుంటున్నట్టే. నీ మొటిమలు సరిగ్గా గడ్డం చుట్టూనే వచ్చాయి. ట్యూబ్ కారణం కావచ్చు, స్కార్ఫ్ కూడా కొంత తోడై ఉండొచ్చు. నూలు గుడ్డవి నాలుగు పెట్టుకో, ఏ రోజుది ఆ రోజు ఉతుకు. నైలాన్‌వి వద్దు. హెల్మెట్ పట్టీ కూడా వారానికోసారి తుడువు.

సీరమ్ ఇప్పుడు కొనకు. విటమిన్ సి, రెటినాల్, రకరకాల యాసిడ్‌లు అన్నీ ఆరోగ్యంగా ఉన్న చర్మం మీదే పనిచేస్తాయి. నీ చర్మం ఇప్పుడు పుండు మానుతున్న చోటు లాంటిది. కనీసం ఆరు వారాలు పైన చెప్పిన మూడింటితోనే గడుపు. ఆ తర్వాత కూడా మొటిమలు, మచ్చలు మిగిలితే అజెలాయిక్ యాసిడ్ గురించి డాక్టర్‌ని అడుగు, అది రెండిటికీ పనికొస్తుంది, చాలామందికి ఇబ్బంది లేకుండా పడుతుంది. ఏదైనా సరే ఒక్కటే మొదలుపెట్టు. ముందు చెవి వెనక రెండు మూడు రాత్రులు రాసి చూడు. రెండు వారాలు గడిచాకే ఇంకోటి. రెండు మూడు ఒకే రోజు మొదలుపెడితే ఏది పడిందో, ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు. మొటిమలకు ఏ మందైనా ఫలితం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పది రోజులకే మార్చేవాళ్లకు ఏదీ పనిచేయదు.

నిమ్మరసం మాత్రం ముఖానికి ఎప్పుడూ వద్దు. డిగ్రీ చదివే రోజుల్లో నేనే చేశాను ఈ పని. సిరొంచలో మా పిన్ని ఇంటికి వెళ్లి, బుగ్గలకు నిమ్మచెక్క రుద్దుకుని, ప్రాణహిత ఒడ్డున మధ్యాహ్నమంతా ఎండలో తిరిగాను. మర్నాటికి ముఖం కాలినట్టయింది. తర్వాత నీళ్లు కారిన గీతలు ఎలా ఉంటాయో అలాగే గోధుమరంగు చారలు పడ్డాయి, పోవడానికి మూడు నెలలు పట్టింది. నిమ్మజాతి పండ్ల రసంలో ఉండే ఒక పదార్థం ఎండతో కలిస్తే చర్మాన్ని కాల్చేస్తుందని ఆ తర్వాతే తెలుసుకున్నాను. ఎవరైనా నిమ్మరసం అంటే ఇప్పటికీ నా చేయి బుగ్గ మీదకు పోతుంది.

సున్నిపిండి గురించి అత్తమ్మ మాట కొట్టిపారేయను. పెసలు, శనగపప్పు, బియ్యం, పసుపు, ఇందులో చెడ్డదేమీ లేదు. సబ్బులు లేని రోజుల్లో మన అమ్మమ్మలు దాంతోనే బతికారు. ఉగాది నాడు నువ్వుల నూనె పట్టించుకుని నలుగు పెట్టుకుని తలంటు పోసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే, అది మానొద్దు. వీధిలో మరాఠీవాళ్లు పాడ్వా పండక్కి ఇంటి ముందు గుడి కర్ర నిలబెట్టేలోపే మన ఇళ్లలో తలంట్లు అయిపోవాలి కదా. ఒంటికి, చేతులకు, కాళ్లకు హాయిగా రుద్దుకో. ముఖానికి మాత్రం ఈ ఏడు వదిలేయి. పిండి ఎంత జల్లించినా బరక ఉంటుంది, పలచబడిన చర్మం మీద, మొటిమల మీద ఆ రాపిడి పడితే చిన్న చిన్న గాయాలవుతాయి, ఆ గాయాలే తర్వాత నల్లమచ్చలు. ఇదే మాట అత్తమ్మతో చెప్పు, 'వద్దు' అనకుండా 'వచ్చే ఉగాదికి ముఖానికి కూడా పెడుదువుగానీ అత్తమ్మా' అను.

హోలీ ఆడొద్దని చెప్పను. బళ్లో పిల్లలు వదలరు కూడా. ఈ ఏడు ముఖానికి రంగు వద్దని ముందే చెప్పు, టీచర్ మాట వింటారు. అయినా ఎవరో ఒకరు పూస్తారు కాబట్టి పొద్దునే ముఖానికి లోషన్, దాని మీద సన్‌స్క్రీన్, పెదాలకూ చెవుల వెనకా గోళ్ల చుట్టూ వ్యాసెలిన్. జుట్టుకూ చేతులకూ కాళ్లకూ కొబ్బరినూనె పట్టించు. వెండి రంగు, ముదురు ఆకుపచ్చ పేస్టులు, మెరుపులు కలిసిన పొడులు ఎవరు తెచ్చినా దగ్గరికి రానివ్వకు. మోదుగ పూలు ఇప్పుడు కావలసినన్ని. రాత్రి వేడి నీళ్లలో నానబెడితే పొద్దుటికి కాషాయం రంగు దిగుతుంది. మన అడవి పల్లెల్లో ఇప్పటికీ చాలామంది దాంతోనే ఆడతారు. మీ బళ్లో పిల్లలతో చేయించు, వాళ్లకు సరదాగా ఉంటుంది. ఆడి వచ్చాక రంగు వదలడానికి కిరసనాయిలు, పెట్రోలు, శనగపిండి ఏవీ వద్దు. ముఖానికి లోషన్ మందంగా పట్టించి అయిదు నిమిషాలాగి మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత క్లెన్సర్‌తో ఒక్కసారి కడుగు. కొంత రంగు మిగిలితే మిగలనీ, రెండు మూడు రోజుల్లో అదే పోతుంది.

నీళ్లు బాగా తాగు, దాహం కోసం. దాంతో మొటిమలు తగ్గుతాయని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

ఇక పాప. మచ్చల ఫొటో పంపలేదు కాబట్టి చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీ ఆయనకు కాస్త ధైర్యం చెప్పే కారణాలున్నాయి. మూడేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు బుగ్గల మీద లేత మచ్చలు రావడం చాలా మామూలు. పైన సన్నటి పొట్టు ఉంటుంది, అంచులు కలిసిపోయినట్టు ఉంటాయి, మచ్చ చర్మం కంటే రెండు ఛాయలు లేతగా ఉంటుంది కానీ పాలలా తెల్లగా ఉండదు. చర్మం పొడిబారడంతో వచ్చేది అది. చలికాలంలో మొదలై, ఎండలకు చుట్టూ చర్మం నల్లబడేసరికి ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కడుపులో పురుగులని ఒకరు, కాల్షియం తక్కువని ఒకరు చెప్తారు, వాటికీ ఈ మచ్చలకీ సంబంధం లేదు. స్నానం కాగానే లోషన్ రాయడం, సబ్బు తగ్గించడం, ఎండలోకి వెళ్లేటప్పుడు టోపీ. మచ్చలు పూర్తిగా కలిసిపోవడానికి నెలలు పడుతుంది, కంగారుపడకండి. వహిని ఇచ్చిన ట్యూబ్ మాత్రం పాప ముఖానికి ఒక్క చుక్క కూడా తాకనివ్వద్దు.

బొల్లి అయితే అంచులు గీత గీసినట్టు స్పష్టంగా, రంగు పాలతెలుపుగా ఉంటుంది, పొట్టు ఉండదు. అదైనా సరే ఇప్పుడు మంచి వైద్యం ఉంది, చిన్నప్పుడే చూపిస్తే ఇంకా మేలు.

ఇంకొకటి మన జిల్లావాళ్లందరికీ చెప్పాలి. లేత మచ్చ కనిపిస్తే పాప కళ్లు మూసుకోమని దూది కొసతో మచ్చ మీద, పక్కన మామూలు చర్మం మీద మెల్లగా తాకి ఎక్కడ తగిలిందో చెప్పమను. ఆటలా చెయ్యి. రెండు చోట్లా సరిగ్గా చెప్తే మంచిది. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, లేదా తెలిసిందో లేదో తేల్చుకోలేకపోతే వెంటనే డాక్టర్‌కి చూపించాలి, అది కుష్ఠుకు తొలి గుర్తు కావచ్చు. అయిదేళ్ల పాప బుగ్గ మీద పొట్టు మచ్చ విషయంలో ఆ అవకాశం తక్కువే. కానీ వరోరా దగ్గర కుష్ఠు రోగుల కోసం బాబా ఆమ్టే స్థాపించిన ఆనంద్‌వన్ ఉన్న జిల్లా మనది, ఆ జబ్బు మన వైపు పూర్తిగా పోలేదు. బిళ్లలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమైపోతుంది. తొందరగా పట్టుకుంటే చేతులకూ కాళ్లకూ ఏ లోపమూ రాదు. దాచుకుంటేనే ప్రమాదం.

చంద్రపూర్ ఎటూ వెళ్తున్నావు కాబట్టి పాపను కూడా అదే రోజు తీసుకెళ్లు. ఓపీ పొద్దునే ఉంటుంది, బడికి ముందు రోజే సెలవు చెప్పి పెట్టుకో. ఇద్దరికీ వేరువేరుగా చీటీ రాయించు. ముఖానికి ఆ రోజు ఏమీ రాసుకోకుండా, ఉత్త నీళ్లతో కడుక్కుని వెళ్లు. జనవరికి ముందు తీసుకున్న ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకో, డాక్టర్‌కి పోల్చి చూడటానికి పనికొస్తుంది. ట్యూబ్ మర్చిపోకు.